పొడి గది తాళం

ఉదయం తొమ్మిదీ పదికి ఫోన్ మోగింది. నంబరు చూసి డిటెక్టివ్ వెంటనే ఎత్తలేదు. పదకొండు వారాలుగా ఆ నంబరు నుంచి వచ్చే ప్రశ్న ఒక్కటే, అతని దగ్గరున్న జవాబూ ఒక్కటే. ఇంకా ఏమీ తెలియలేదమ్మా అని చెప్పీ చెప్పీ అతని నాలుక మొద్దుబారిపోయింది.

అయిదో మోతకు ఎత్తక తప్పలేదు.

"అన్నయ్యా, ఒక్కసారి షెడ్డుకి రాగలరా?" అంది చిత్రిక మేస్త్రి భార్య. "మా తమ్ముడు ఆయన దిమ్మలన్నీ తగలబెట్టేస్తానంటున్నాడు. నా మాట వినట్లేదు. మీరు చెబితే ఆగుతాడు."

"తగలబెట్టడమేమిటమ్మా?"

"పురుగు పట్టిందట. ఆయన ఏరి ఏరి తెప్పించుకున్నవి అన్నయ్యా. తిరిగొచ్చాక ఏం చెక్కుకుంటారు?"

తిరిగొచ్చాక అన్న మాట దగ్గర డిటెక్టివ్ కళ్ళు మూసుకున్నాడు. "వస్తున్నా" అన్నాడు.

ఆమె భర్త సర్ఫ్‌బోర్డులు చెక్కే మేస్త్రి. అలల మీద నిలబడి జారే ఆ పొడుగాటి బోర్డుల కడుపులో ఉండేది ఫోము. ఆకారానికి రాకముందు మనిషి కంటే పొడుగ్గా, నడుమ నిలువునా సన్నటి చెక్క పట్టీతో ఉండే ఆ తెల్లటి దిమ్మను పనివాళ్ళు బ్లాంకు అంటారు. దాన్ని చిత్రిక పట్టి వంపు తేవడంలో ఆయన చేతికి తిరుగు లేదు. అందుకే చిత్రిక మేస్త్రి అన్న పేరు అసలు పేరును మింగేసింది. పదకొండు వారాల కిందట ఒక మంగళవారం, సాయంత్రం ఆరున్నరకు షెడ్డు నుంచి ఇంటికని బయల్దేరిన మనిషి ఇల్లు చేరలేదు. మూడో రోజు ఆయన సొంత బోర్డు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. సముద్రంలో పోయాడని ఇన్‌స్పెక్టర్ రెండు పేజీల్లో ఫైలు మూసేశాడు. పొద్దు వాలాక ఆయన నీళ్ళలోకి దిగరు మొర్రో అని భార్య ఎంత మొత్తుకున్నా వినిపించుకోలేదు. అప్పుడు ఆమె డిటెక్టివ్ గుమ్మం ఎక్కింది. పదకొండు వారాల్లో అతను ఆమెకు ఇచ్చింది ధైర్యం ఒక్కటే. అదీ అడుగంటింది.

తొమ్మిదీ నలభైకి అతను షెడ్డు చేరేసరికి అక్కాతమ్ముళ్ళు స్టోరు గది గుమ్మంలో చెరో పక్కా నిలబడి ఉన్నారు. ఆమె తలుపుకు అడ్డంగా చెయ్యి చాపింది. తమ్ముడి చేతిలో కిరసనాయిలు డబ్బా ఉంది. ముప్పై రెండేళ్ళ వాడు. బోర్డు మీద గాజు గుడ్డ పరిచి రెజిన్ అనే జిగురు పూసే పని అతనిది. వేళ్ళ సందుల్లో ఆ రెజిన్ గట్టిపడి గోళ్ళలా మెరుస్తోంది. షెడ్డు నిండా ఆ రెజిన్ ఘాటే. కొత్తగా వచ్చిన వాళ్ళకు కళ్ళు మండుతాయి.

"ముందు ఆ డబ్బా కింద పెట్టు బాబూ," అన్నాడు డిటెక్టివ్.

"సార్, మీరు చూడండి, చూసి చెప్పండి. రేపో మాపో పూర్తయిన బోర్డుల్లోకి కూడా పాకుతాయి. అక్కకు చెబితే అర్థం కాదు."

"ఎప్పుడు కనిపించాయి నీకు?"

"పోయిన గురువారం. ఒక బ్లాంకు లాగితే చెయ్యంతా పొడి రాలింది. పంపిన వాళ్ళ దగ్గరే పట్టి ఉంటుంది. కట్టల్లోనే వచ్చుంటాయి."

డిటెక్టివ్ లోపలికి వెళ్ళాడు. కిటికీ లేని పొడుగాటి గది. గోడ వారగా ఇనప అరలు, అయిదు వరుసలు. వరుసకు పదేసి బ్లాంకులు, ఒకదాని మీద ఒకటి పరుపుల్లా. పై వరుసలో ఒకటి లాగి చూశాడు. మచ్చ లేదు. దాని కింద వరుసా అంతే. మోకాళ్ళ మీద కూర్చుని అడుగు వరుసలోది లాగాడు. అది చేతిలోకి వస్తూనే బరువు తక్కువగా అనిపించింది. అగ్గిపుల్ల దూరేంత చిల్లులు. ఒక జానెడు మేర లెక్కపెడితే నలభై. చిల్లులన్నీ ఒకే పక్క ఉన్నాయి, వెనక గోడవైపు. గది లోపలికి చూసే పక్క నున్నగా ఉంది.

"కట్టల్లో వచ్చిన పురుగైతే పై వరుసను ఎందుకు వదిలేసింది?" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

మేస్త్రికి బావమరిది అయిన ఆ తమ్ముడు డబ్బా కింద పెట్టాడు.

డిటెక్టివ్ జేబులోంచి చిన్న టార్చి తీసి గోడ కిందికి వేశాడు. నేల నుంచి జానెడెత్తున పాత గొట్టం ఏదో తీసేసిన కంత ఉంది. దానికి గోనెసంచి ముక్క కుక్కారు. ఆ గోనె పోగుల మీద గోధుమరంగు బొచ్చు పురుగు ఒకటి తాపీగా బయటికి వస్తోంది. దాని వెనక ఇంకొకటి.

"ఈ గోడ అవతల ఏముంది?"

"పొడి గది."

"అంటే?"

"బావ చిత్రిక పడుతున్నప్పుడు ఫోము పొడి లేస్తుంది కదా సార్. మిషన్ దాన్ని పీల్చి గొట్టంలోంచి ఆ గదిలోకి ఊదుతుంది. రెండేళ్ళకోసారి ఖాళీ చేయిస్తాం."

"బావ పోయాక మిషన్ నడిచిందా?"

"నడిపేదెవరు? చిత్రిక పట్టే ప్లేనర్ని బావ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. నేను రెజిన్ పూస్తాను. గరుకు వెళ్ళిపోయాక అరగదీసే పనీ నా నెత్తినే పడింది. చెక్కేవాడే లేడు. ఉన్న బోర్డులు పూర్తిచేసి ఇస్తున్నా, అంతే."

గరుకు అంటే గరుకు కాగితంతో బోర్డులు నున్నగా తీసే పనివాడు. ఎప్పుడో మానేశాడని డిటెక్టివ్ మొదటి వారంలోనే రాసుకున్నాడు. రాసుకుని పక్కన పెట్టేశాడు.

అతను లేచి, షెడ్డు వెనక్కి నడిచి, పొడి గది తలుపు ముందు నిలబడ్డాడు. ఇనప తలుపు. పిడికిలంత తాళం.

"పొడికి ఇంత తాళమా?"

"బావ వేశాడు."

"ఎప్పుడు?"

"గుర్తులేదు సార్."

"తాళంచెవి?"

"బావ దగ్గరే ఉండేది."

"ఆ మంగళవారం సాయంత్రం ఆరున్నర తర్వాత నువ్వెక్కడున్నావు? మొన్న అడిగితే ఇంట్లోనే అన్నావు."

"ఇంట్లోనే సార్."

"ఇంట్లో ఎక్కడున్నావురా?" అంది అక్క వెనక నుంచి. ఆమె గొంతులో అనుమానం లేదు, లెక్క సరిచేస్తున్న తీరు తప్ప. "తొమ్మిదింటికి కదా వచ్చావు. బావ రాలేదేమని నేను నీకే ఎదురొచ్చి అడిగాను."

బావమరిది తల వంచుకున్నాడు. మెడ మీద చెమట పట్టింది. డిటెక్టివ్ ఆ చెమట చూశాడు. పదకొండు వారాల తర్వాత చేతికి మొదటిసారి ఏదో తగిలినట్టయింది. ఆ ఆనందంలోనే అతను తప్పు చేశాడు.

పదీ ఇరవైకి షెడ్డు బయటికొచ్చి, మ్యూజియంలో జంతువుల ఎముకలు శుభ్రం చేసి నిలబెట్టే పెద్దావిడకు ఫోను చేశాడు. ఆవిడకు అరవై అయిదేళ్ళు. ఇతనికి యాభై నాలుగొచ్చినా అబ్బాయ్ అనే పిలుస్తుంది. ఫోన్ కెమెరా ముందు పురుగును అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఎక్కడ దొరికిందబ్బాయ్ ఇది?"

"ఫోములో అక్కా. దిమ్మలు దిమ్మలే తినేస్తున్నాయి."

"ఫోము తినదది. గూడు కోసం తొలుస్తుందంతే. కడుపు నిండాక గొంగళి దశ దాటడానికి మెత్తగా, పొడిగా ఏది దొరికితే అందులోకి దూరుతుంది. తిండి వేరేచోట తింటుంది."

"ఏం తింటుంది?"

"నేను అద్దాల పెట్టెలో పెంచుతున్నానుగా, ఇవే. జంతువు కళేబరం లోపల పెడితే ఎముక తళతళలాడేలా చేసిస్తాయి. ఎండిన మాంసం, తోలు, వెంట్రుకలు. నువ్వున్నది ఆ బోర్డుల మేస్త్రి షెడ్డులోనా?"

"అవునక్కా."

"ఆ గోడ అవతల ఏముందో చూడు. ఆయన భార్యను మాత్రం పక్కన ఉంచుకోకు. నేను బయల్దేరుతున్నా. బస్సు మారాలి, ఆలస్యమవుతుంది."

ఫోను జేబులో పెట్టుకుని తిరిగేసరికి మేస్త్రి భార్య ఎదురుగా ఉంది. ఆమె ఏమీ వినలేదు.

"మందు కొడితే పోతుందా అన్నయ్యా?" అంది.

"చూద్దామమ్మా. నువ్వు కాసేపు ముందు గదిలో కూర్చో," అన్నాడు. ఆమె బుద్ధిగా వెళ్ళి కూర్చుంది. అరిచి ఉన్నా, తిట్టి ఉన్నా బాగుండేదనిపించింది అతనికి.

తాళం పగలగొట్టే హక్కు అతనికి లేదు. ఉన్నవాడు ఒక్కడే. ఒకప్పుడు తన కింద పనిచేసి, సార్ సార్ అని వెనకే తిరిగిన కుర్ర ఎస్సై, ఇప్పుడు ఇన్‌స్పెక్టర్. పోలీసు ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్ అయ్యాక ఆ సార్ కాస్తా ఏమండీ అయింది. అయినా అతనికే ఫోను చేశాడు.

పదీ యాభై అయిదుకు జీపు వచ్చింది.

"ఏమండీ, బోర్డులకు పురుగు పడితే డిటెక్టివ్‌ని పిలుస్తారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ దిగుతూనే. "నాకు తెలియక, మా బీరువాకు చెదలు పట్టినప్పుడు మందు కొట్టేవాణ్ణి పిలిచాను."

డిటెక్టివ్ నవ్వలేదు. మ్యూజియం ఆవిడ చెప్పింది చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ చెవి గోక్కుంటూ విని, ఒక కానిస్టేబుల్‌ని స్టోరు గది రేకుల పైకి ఎక్కించాడు. అయిదు నిమిషాల్లో అతను ఎండిపోయిన పావురాన్ని కాలు పట్టుకుని కిందికి తెచ్చాడు.

"ఇదిగో మీ శవం. పంచనామా రాయమంటారా?"

"అడుగున రెండు వరుసలు, ఇరవై దిమ్మలు," అన్నాడు డిటెక్టివ్. "ఒక్కోదానికి తక్కువలో తక్కువ రెండు వందల చిల్లులు. నాలుగు వేల పురుగులు, ఇన్‌స్పెక్టర్ గారూ. ఒక్క పావురం ఇంతమందికి భోజనం పెట్టలేదు. పైగా పావురం ఉన్నది రేకుల మీద. పురుగులొస్తున్నది నేల దగ్గర కంతలోంచి."

"లోపల శవముంటే ఇన్నాళ్ళు వాసన రాదా?"

"ఈ రెజిన్ ఘాటు పీల్చి పీల్చి ఇక్కడి ముక్కులు ఎప్పుడో పనిచెయ్యడం మానేశాయి. మీరొచ్చి పది నిమిషాలైంది, రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నారు."

ఇన్‌స్పెక్టర్ చేతిరుమాలు జేబులో పెట్టేసుకున్నాడు. "మూసేసిన ఫైలు. అనుమానం మీద తాళాలు పగలగొట్టలేను."

అతను జీపు వైపు రెండడుగులు వేశాడు కూడా. డిటెక్టివ్‌కు ఇంకో దారి కనిపించలేదు. అప్పుడే ఆ మాట అనేశాడు.

"ఆ బావమరిది ఆ సాయంత్రం ఎక్కడున్నాడో అబద్ధం చెప్పాడు. తాళం సంగతి దాస్తున్నాడు. ఈ ఉదయం కిరసనాయిలు డబ్బాతో ఆ దిమ్మల్ని తగలబెట్టబోయాడు. ఇదంతా మీకు చెప్పినా మీరు తలుపు తెరవలేదని రేపు నేను పైవాళ్ళకు రాసివ్వాల్సి వస్తుంది."

ఇన్‌స్పెక్టర్ ఆగాడు. నోటుబుక్కు తీశాడు. "మళ్ళీ చెప్పండి. నెమ్మదిగా," అన్నాడు. ఒక్కో మాటా రాసుకున్నాడు. రాసి, కింద డిటెక్టివ్‌తో సంతకం పెట్టించుకున్నాడు.

పదకొండూ ముప్పై అయిదుకు తాళం తెగింది.

తలుపు లాగేసరికి లోపలి పొడి గోడలా నిలబడి ఉంది, నడుమెత్తున. పిండిలా తెల్లటి పొడి. నిలువుగా కోసినట్టున్న ఆ ముఖం మీద అడుగు నుంచి రెండు జానల ఎత్తులో సన్నటి నీలం చార ఒకటి అడ్డంగా సాగి ఉంది. దాని పైనా తెలుపే, కిందా తెలుపే. డిటెక్టివ్ ఆ చార చూశాడు. ఏమిటా అనుకునేలోపే ముగ్గురు కానిస్టేబుళ్ళు మూతులకు గుడ్డలు కట్టుకుని పారలతో లోపలికి దిగారు. పొడి మబ్బులా లేచింది.

పదకొండూ యాభైకి ఒక పార ఆగిపోయింది.

పొడి అడుగున, నేల మీద, గోడకు ఆనుకుని, స్టోరు గది కంత పక్కనే, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడి ఉంది అది. ఎముకలూ, వాటికి అంటుకున్న అట్టలాంటి తోలూ. దాని మీద మందపాటి కాన్వాసు ఏప్రాను. ఏప్రాను రొమ్ము మీద ఎర్రదారంతో కుట్టిన జేబు.

ఎవరూ పిలవకుండానే మేస్త్రి భార్య వచ్చింది. పార చప్పుడు ఆగిపోవడమే ఆమెను పిలిచినట్టుంది. డిటెక్టివ్ అడ్డం వెళ్ళాడు గాని ఆమె అతని భుజం మీదుగా చూసేసింది.

"ఆ జేబు నేను కుట్టిందే," అంది. నిలబడిన మనిషి నిలబడినట్టే కూలిపోతుంటే అతను పట్టుకున్నాడు. ఆమె ఒళ్ళు చల్లగా ఉంది.

బావమరిది "అక్కా" అంటూ దగ్గరికి రాబోయాడు. ఆమె కళ్ళు తెరిచి తమ్ముణ్ణి చూసింది. తలుపు వైపు చూసింది. మళ్ళీ తమ్ముణ్ణి చూసింది. "ముట్టుకోకు" అంది. అతను చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. ఇన్‌స్పెక్టర్ ఆ చేతికే సంకెల వేశాడు.

పన్నెండున్నరకు పక్క వీధి ఆడవాళ్ళిద్దరు ఆమెను ఆటోలో ఇంటికి తీసుకెళ్ళారు. అప్పటికే గేటు బయట జనం పోగయ్యారు. పది పదిహేను ఫోన్లు గోడ పైనుంచి లోపలికి తొంగిచూస్తున్నాయి. ఇన్‌స్పెక్టర్ వాటి ముందు నిలబడి టోపీ సర్దుకుని, చిత్రిక మేస్త్రి శవం దొరికిందని, హంతకుడు సొంత బావమరిదేనని ప్రకటించాడు. డిటెక్టివ్ పేరు ఎక్కడా ఎత్తలేదు. ఆ సంగతి అతనికి పట్టలేదు. అతను పొడి గది గడప మీద కూర్చుని ఆ ఏప్రాను గురించే ఆలోచిస్తున్నాడు. నడుం దగ్గర తాళ్ళు ముడి వేసి లేవు. మెడ తాడు తల మీదుగా దిగలేదు. తొడుక్కున్న ఏప్రాను కాదది. కప్పిన ఏప్రాను.

ఒంటిగంటా పదిహేనుకు మ్యూజియం ఆవిడ వచ్చింది. చేతిసంచిలోంచి భూతద్దం, చిన్న కత్తి తీసి స్టోరు గదిలో కింద కూర్చుంది. ఒక బ్లాంకును నిలువుగా చీల్చి, ఒక్కో తొర్రనూ విప్పుకుంటూ పోయింది. ఇరవై నిమిషాలు తల ఎత్తలేదు. డిటెక్టివ్ పక్కనే గొంతుక్కూర్చుని టార్చి పట్టుకున్నాడు.

"మనిషి పోయి ఎన్నాళ్ళయిందన్నావు?"

"పదకొండు వారాలు."

"ఇటు చూడు." ఆవిడ కత్తి మొన చూపించింది. "ఇక్కడ ఒక పురుగు గూడు కట్టి, చర్మం విడిచి ఎగిరిపోయింది. దాని పిల్లలు ఆ పాత గూటిని తొలుచుకుని పక్కన కట్టాయి. వాటి పిల్లలు మళ్ళీ దీన్ని చీల్చుకుని ఇదిగో, ఇక్కడ. మూడు తరాలు. తరానికి దగ్గర దగ్గర రెండు నెలలు వేసుకో. దానికి ముందు శవం ఎండాలి. తడి ఉన్నంతకాలం ఇవి దగ్గరికి రావు. దానికో నెలో, నెలన్నరో."

"అంటే?"

"ఏడు నెలలకు తక్కువ కాదబ్బాయ్. పదకొండు వారాలే అయితే మొదటి తరం ఇంకా రెక్కలు విప్పుతుండాలి."

ఏడు నెలల కిందట చిత్రిక మేస్త్రి పక్క గదిలో నిలబడి బోర్డులు చెక్కుతున్నాడు. రోజూ సాయంత్రం ఇంటికి వెళ్ళి భార్య పెట్టింది తింటున్నాడు.

డిటెక్టివ్ లేచి పొడి గదికి పరుగెత్తాడు. గది ఊడ్చినట్టుంది. కానిస్టేబుళ్ళు శవాన్ని పంపేసి, పొడి అంతా బస్తాలకెత్తి లారీలో వేస్తున్నారు. నీలం చార ఉన్న గోడ లేదు. అతను దాన్ని ఫొటో తియ్యలేదు. తియ్యాల్సిన క్షణంలో అతని చేతుల్లో మేస్త్రి భార్య ఉంది.

జీపు గేటు దగ్గర ఇంజను మోగుతూ ఉంది. వెనక సీట్లో బావమరిది. డిటెక్టివ్ కిటికీ చువ్వలు పట్టుకున్నాడు.

"నీలం ఫోము ఎప్పుడు చెక్కారు?"

బావమరిది మొహం ఎత్తాడు. "ఏమిటి సార్?"

"నీలం రంగు బ్లాంకులు. ఎప్పుడు? తొందరగా చెప్పు."

"ఒకే ఒక్కసారి. సర్ఫింగు నేర్పే బడివాళ్ళు పన్నెండు బోర్డులు అడిగారు. ఆరు నెలలవుతుంది. బావే చెక్కాడు."

"గరుకు ఎప్పుడు వెళ్ళిపోయాడు?"

"దానికి ముందే. ఎనిమిది నెలలు."

"వెళ్తుంటే చూశావా?"

"లేదు సార్. పొద్దున మేం వచ్చేసరికే వాడు లేడు. బావతో ఏదో గొడవపడ్డాడని... బావే బస్సెక్కించి వచ్చానన్నాడు. అక్కతో కూడా అదే చెప్పాడు. వాడికి వెనకా ముందూ ఎవరూ లేరు, అడగడానికి ఎవరూ రాలేదు." ఆగాడు. "తాళం అప్పుడే వేసినట్టుంది సార్. ఇప్పుడు గుర్తొస్తోంది."

"ఆ మంగళవారం ఎక్కడికెళ్ళావు?"

"పడవలు తయారుచేసే చోటికి. పని అడుగుదామని. బావ దగ్గర మానేస్తున్నానని తెలిస్తే అక్క బాధపడుతుందని చెప్పలేదు. అక్కడి మేనేజర్ని అడగండి సార్, ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా అక్కడే ఉన్నా."

డిటెక్టివ్ ముందు సీటు వైపు తిరిగాడు. ఇన్‌స్పెక్టర్ అంతా విన్నాడు. విననట్టు సిగరెట్టు ముట్టించాడు.

"అది మేస్త్రి శవం కాదు. గరుకుది," అన్నాడు డిటెక్టివ్. "శవం ఆ నీలం చార కింద ఉంది. చార పడింది ఆరు నెలల కిందట. మేస్త్రి పోయాక మిషనే నడవలేదు. పదకొండు వారాల కిందట పడేసిన శవమైతే పొడి మీద ఉండాలి, పొడి అడుగున కాదు."

"హంతకుడు పారతో కప్పాడు."

"పారతో కప్పితే చార చెదిరిపోతుంది. అది గీత గీసినట్టుంది."

"ఏ చార? ఎక్కడుంది?"

లారీలో ఆఖరి బస్తా పడిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

"పురుగులు చెబుతున్నాయి. ఆవిడ లోపలే ఉంది, వచ్చి వినండి."

"పొద్దున కూడా పురుగులే కదండీ చెప్పాయి." ఇన్‌స్పెక్టర్ నోటుబుక్కు తీసి, పేజీ తిప్పి, సంతకం కనిపించేలా పట్టుకున్నాడు. "అబద్ధం చెప్పాడు, తాళం దాచాడు, తగలబెట్టబోయాడు. మీ మాటలే. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి అంటే నేనేం చెయ్యను? ఏప్రాను ఆయనది. భార్యే గుర్తుపట్టింది. మిగతాది పరీక్షలో తేలుతుంది. నెల పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు."

"అన్నాళ్ళూ ఇతను లోపల, అసలు వాడు బయట."

"అసలు వాడెవరు? సముద్రంలో పోయినవాడా?" ఇన్‌స్పెక్టర్ అద్దం ఎత్తేశాడు.

జీపు కదిలింది. వెనక కిటికీలోంచి బావమరిది ఏదో అంటున్నాడు. "అక్కకు చెప్పండి సార్" అన్నంత వరకే వినిపించింది. అప్పుడు సమయం ఒంటిగంటా యాభై.

డిటెక్టివ్ గేటు ఊచ పట్టుకుని నిలబడిపోయాడు. నిన్నటి దాకా తెలియక చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఇప్పుడు అంతా తెలిసింది. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. ఎనిమిది నెలల కిందట గరుకును చంపి, పొడిలోకి తోసి, పైన తన ఏప్రాను కప్పి, తాళం వేసి, ఆ తర్వాత రోజూ చిత్రిక పట్టాడు ఆ మనిషి. చెక్కిన ప్రతి బోర్డుకూ ఇంత పొడి వాడి మీద పోస్తూ వచ్చాడు. రెండేళ్ళ గడువు దగ్గరపడింది, గది ఖాళీ చేయించాల్సిన రోజు వస్తోంది. అప్పుడు బోర్డును సముద్రంలోకి వదిలి తను మాయమయ్యాడు. బస్సెక్కించి వచ్చానన్న ఆ అబద్ధం ఇద్దరు విన్నారు. ఒకడు జీపులో ఉన్నాడు. రెండో మనిషి ఇంట్లో ఉంది.

అతను ఆమెకు ఫోను చేశాడు. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. రెండూ అయిదుకు, నాలుగోసారి, ఎత్తింది.

"అమ్మా, తలుపు వేసుకుని ఇంట్లోనే ఉండు. నేను వస్తున్నా. ఎవరొచ్చినా తియ్యకు."

"నేను ఇంట్లో లేను అన్నయ్యా." గొంతు తగ్గించి మాట్లాడుతోంది. కాని ఆ గొంతులో ఏడుపు లేదు. పదకొండు వారాల్లో అతను ఎన్నడూ వినని వెలుగు ఉంది. "మీకే చెబుదామనుకుంటున్నా. ఎవరికీ చెప్పొద్దన్నారు గాని మీకు చెప్పకుండా ఎలా ఉంటాను. ఆయన బతికే ఉన్నారు. ఫోను చేశారు."

"ఎప్పుడు?"

"ఇందాకే. ఆ వీడియో ఏదో చూశారట, తన శవం దొరికిందని చెప్పుకుంటున్నారని. నువ్వు ఒక్కదానివే రా, అంతా చెబుతానన్నారు. వాళ్ళు దొరికిందన్నది ఎవరో నాకు తెలియదు అన్నయ్యా, నాకు అక్కర్లేదు కూడా. మా తమ్ముణ్ణి అంత మాటన్నాను. వాణ్ణి మీరు విడిపించండి, వచ్చాక వాడి కాళ్ళు పట్టుకుంటాను."

"ఎక్కడున్నావమ్మా?"

"బస్సులో."

"దిగు. ఇప్పుడే, ఉన్నచోటే దిగు. డ్రైవర్‌ని ఆపమను."

"సరిగా వినబడట్లేదు అన్నయ్యా. ఫోను కూడా ఆపెయ్యమన్నారు. చేరాక నేనే చేస్తాను."

"అమ్మా, విను. లోపలున్నది గరుకు. వాణ్ణి చంపింది మీ ఆయనే. నువ్వు వెళ్ళకూడదు, వింటున్నావా?"

అవతల చప్పుడు లేదు. ఫోను చెవి నుంచి తీసి చూశాడు. ఎప్పుడో కట్టయిపోయింది. తను చెప్పిందాంట్లో ఎంత ఆమె చెవిన పడిందో, అసలు ఒక్క ముక్కయినా పడిందో లేదో తెలియదు. మళ్ళీ చేశాడు. స్విచాఫ్ అని వచ్చింది. ఇన్‌స్పెక్టర్‌కు చేశాడు. మోగీ మోగీ ఆగిపోయింది.

మ్యూజియం ఆవిడ గేటు దాకా వచ్చి అతని మొహం చూసింది. దిగు, డ్రైవర్‌ని ఆపమను అన్న మాటలు ఆవిడ చెవిన పడ్డాయి. "ఏ బస్సు?" అంది.

"అడగలేదక్కా," అన్నాడు డిటెక్టివ్. "ముందు అదే అడగాల్సింది."